ఎర్రకోటు దగ్గర ఎడమకు

వేసవైనా రాత్రి చలికి పీపాలో గడ్డకట్టిన నీళ్ళను గొడ్డలితో పగలగొట్టి, ఆ ముక్కలను పెద్ద గిన్నెలోకి ఎత్తి పొయ్యి మీద పెట్టింది వంటామె. వేళ్ళ కణుపులు చిట్లి నెత్తురు కారుతున్నా చూసుకోలేదు. ఆవిరి పట్టిన కిటికీ అద్దాన్ని మాత్రం మోచేత్తో తుడిచింది. బయట ఇంకా మబ్బే.

కొండెక్కేవాళ్ళు దిగే ఆ బసకు మూడు వైపులా లోయలు, నాలుగో వైపు శిఖరం. వేసవిలో మంచు కరిగితే దాని వాలు మీద ఎర్రటి చుక్క ఒకటి తేలుతుంది. అది ఆమె మొగుడి కోటు. కోటులో మొగుడు. కొండెక్కేవాళ్ళ బరువులు మోస్తూ జారిపడ్డాడు. అంత ఎత్తు నుంచి దించడం ఎవరి తరమూ కాదన్నారు. కింద ఊళ్ళోకి శిఖరం కనపడదు, ముందరి కొండ అడ్డం. అందుకే ఆమె ఇంటికి తాళం పెట్టి ఇక్కడ వంటకు కుదిరింది.

"ఎర్రకోటు దగ్గర ఎడమకు తిరగండి" అని బస యజమాని వచ్చినవాళ్ళకు దారి చెప్పేవాడు. మొదటిసారి విన్నప్పుడు ఆమె చేతిలో గరిటె జారిపోయింది. తర్వాత తర్వాత అలవాటైంది. పక్క ఊరికి బయల్దేరినా దారి తప్పే మనిషి, చచ్చి ఇందరికి దారి చూపుతున్నాడని ఒక్కోసారి నవ్వుకునేది కూడా.

మధ్యాహ్నానికి మబ్బు విడింది. అద్దం తుడిచి చూసింది. వాలంతా తెల్లగా ఉంది. మళ్ళీ తుడిచింది.

కొండ దారి చూపే పనిలో ఉన్న మరిది లోపలికొచ్చి, బూట్లయినా విప్పకుండా పొయ్యి పక్కన కూలబడ్డాడు.

"వదినా... కొండెక్కేవాళ్ళు అన్నయ్యను చూసి జడుసుకుంటున్నారట. తీసెయ్యమన్నాడు యజమాని. ఇంకెవడో కాలితో తన్నేకంటే నేనే నయమనుకున్నా. పక్కనే మంచు చీలిక ఉంది, అందులోకి..."

ఆమె కట్టె ఎగదోసింది.

"బరువున్నాడా?"

"లేడొదినా. అసలు బరువే లేడు."

గిన్నెలో సూపు పోసి అతని ముందు పెట్టింది. "తిను, చల్లారిపోతుంది."

అంట్లన్నీ తోమి బోర్లించింది. బట్టలు మూటగట్టుకుని గడప దాటింది.

"సీజన్ మధ్యలో ఇదేంటక్కా?" అన్నాడు యజమాని. ఆమె ఆగలేదు.

మరిది వెనకాలే వచ్చాడు. "మళ్ళీ ఎప్పుడొస్తావొదినా?"

"ఎవరున్నార్రా ఇక్కడ, రావడానికి?"

ఆమె ముందరి కొండ మలుపు తిరిగింది. శిఖరం కనుమరుగైంది.

పైన వాలు మీద, కొత్తవాళ్ళు దారి తప్పకుండా ఎర్రకోటున్న చోట పాతిన వెదురుకర్రకు కట్టిన ఎర్రగుడ్డ పీలిక, బస కిటికీలోంచి కంటికి ఆననంత చిన్నది, గాలికి కొట్టుకుంటోంది.