బుద్ధుడి చేతుల్లో సబ్బు

మా అమ్మ పోయాక నాకు మిగిలింది ఆవిడ చెక్క బుద్ధుడు ఒక్కడే. జానెడు బొమ్మ. పొద్దున్నే దాన్ని పొడిగుడ్డతో తుడిచి, ఎదురుగా కాసేపు ఊరికే కూర్చునేది అమ్మ. ఏమీ అడిగేది కాదు.

ఆ బుద్ధుడు నాకు బాత్రూంలో కనిపించాడు. ఆస్పత్రిలో నర్సు డ్యూటీ దిగి వచ్చి చేతులు కడుక్కుందామని తలుపు తీస్తే, వాష్‌బేసిన్ పక్కనే ఉన్నాడు. ఒడిలో ఒకదానిమీద ఒకటి పెట్టుకున్న చేతుల్లో అరిగిపోయిన సబ్బుబిళ్ళ, దానికి అంటుకుని తెల్లవెంట్రుకలు. చెవి మీద గడ్డం నురగ. రోజంతా చీమూ నెత్తురూ తుడిచేదాన్ని, నేనే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇది మా మామగారి పని. రిటైరైన బస్సు డ్రైవరు. ఏ ప్రమాదం ఏ దేవుడి చేతిలో ఉందోనని, స్టీరింగు ముందు అన్ని మతాల గుర్తులూ వరసగా పెట్టుకుని బండి నడిపిన మనిషి. ఇప్పుడవన్నీ హాల్లో అద్దాల అరలో ఉన్నాయి. వాటి మీద ఈగ వాలనివ్వడు.

“ఆయన్ని అక్కడ పెట్టారేంటి మామయ్యా?”

“సబ్బుకి వీలుగా ఉన్నాడు. అయినా మీకు దేవుడు లేడటగా అమ్మాయ్?”

“దేవతలున్నారనే అంటారు మావాళ్ళు. కాకపోతే వాళ్ళకీ ఆయుష్షు తీరుతుంది, వాళ్ళూ పోతారు. లోకాన్ని చేసింది వాళ్ళు కాదు, మనల్ని గట్టెక్కించేదీ వాళ్ళు కాదు.”

“మరి ఈయన?”

“మనిషే. దారి చెప్పి వెళ్ళిపోయాడు.”

“చూడమ్మా, చాలామంది దేవుళ్ళున్నచోట తలా ఒక కోపం. ఒక్కడే ఉన్నచోట ఒకటే కోపం గానీ చాలా పెద్దది. ఈయనకి కోపమొస్తే ఏం చేస్తాడు?”

“ఆయనకి కోపం రాదు.”

“మరింకేం!” అని నిశ్చింతగా టీవీ ముందు కూర్చున్నాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

మా ఆయనకి చెబితే, “పోనీలేవే, పెద్దాయన” అన్నాడు. నేను బొమ్మ కడిగి బీరువాలో పెడితే మర్నాటికి మళ్ళీ సబ్బుతో అక్కడే. చెక్క ఉబ్బి మెడ దగ్గర బీట వేసింది. ఇంకొన్నాళ్ళు ఆ తడిలో ఉంటే తల ఊడి చేతికొస్తుంది.

ఒళ్ళు మండి అబద్ధమాడాను. “మీకు చెప్పలేదు గానీ మామయ్యా, ఈయన్ని చులకన చేసిన మా బంధువొకాయనకి మోకాళ్ళు పడిపోయాయి.”

మామగారు తన మోకాలు తడుముకున్నాడు.

తెల్లారేసరికి బుద్ధుడు అద్దాల అరలో, అందరికంటే ముందు ఉన్నాడు. మామగారు చేతులు జోడించి గొణుగుతున్నాడు. “తప్పయిపోయింది స్వామీ, నీ సంగతి తెలీక చేశాను. నా మోకాళ్ళ జోలికి రాకు. కావాలంటే పైవాటాలో వాడున్నాడే, నీళ్ళ మోటారు దగ్గర నామీదికొచ్చినవాడు, వాడివి పడగొట్టు.”

నాకు అసహ్యం వేసింది. ఆయన్ని చూసి కొంత, నన్ను చూసుకుని మరింత. అమ్మ ఏమీ అడగకుండా ఎదురుగా కూర్చున్న ఆ ముఖాన్ని ఇప్పుడు పక్కవాడి కాళ్ళు విరగ్గొట్టమని అడుగుతున్నారు. అడగొచ్చని నేర్పింది నేనే. సబ్బు జిడ్డయితే వేణ్ణీళ్ళతో పోయేది.