మైకులో పిలిచిన పేరు

తప్పులుంటే మన్నించండి. ఒత్తులు నాకు ఇప్పటికీ లొంగవు. ఒక్క పేజీ రాసేసరికి పొద్దు గూకుతుంది. రాత్రిబడిలో చేరేనాటికే నా తల సగం నెరిసింది. మీరు చదివేదాన్ని మా అమ్మాయి దిద్దింది. మాటలు మాత్రం నావే.

అప్పుడు మేము కుప్పంలో ఉండేవాళ్ళం. నా భర్త రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. వాళ్ళ మేస్త్రీ గంగులప్పది మదనపల్లె. ఆయన స్నేహితుడు అమానుల్లా ఎండాకాలం సెలవుల్లో ఒక బస్సు బాడుగకు తీసుకుని ఆదివారాల్లో జనాన్ని టూరుకు తీసుకుపోయేవాడు. మదనపల్లెలో కోడి కూయకముందే బయలుదేరి, దారిలో పుంగనూరు జమీందార్ల బంగళా, చంద్రగిరిలో రాజమహలు, మధ్యాహ్నం దాటాక మహాబలిపురం సముద్రం. సోమవారం తెల్లవారేసరికి మళ్ళీ ఎవరి ఊళ్ళో వాళ్ళు. గంగులప్ప అందులో రెండు సీట్లు చెప్పిపెట్టాడు, నా భర్తకూ వాళ్ళమ్మకూ. చిన్నప్పుడెప్పుడో, పెద్దయ్యాక నీకు సముద్రం చూపిస్తానని నా భర్త వాళ్ళమ్మకు మాటిచ్చాడట.

తీరా ఆ వారం వచ్చేసరికి ఆయనకు దగ్గు ఎక్కువైంది. క్వారీలో పనిచేసేవాళ్ళందరికీ ఉండేదే. ఈసారి పడుకోనివ్వలేదు.

"నువ్వు పో," అన్నాడు నాతో. "నేనొచ్చి ఆ మహల్లో దగ్గితే సచ్చిన రాజులు గూడా లేసి కూసుంటారు."

నేను నవ్వలేదు. ఆయనే నవ్వి, మళ్ళీ దగ్గి, "అమ్మ జాగర్త. కొత్తోళ్ళతో మాట్లాడేది దానికి చేతకాదు. తప్పిపోయిందంటే ఎవురడిగినా నోరు తెరవదు. యెట్ల తీసుకపోతావో అట్లే తీసుకొచ్చెయ్," అన్నాడు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. చాలా ఇళ్ళలో ఉండేదే, మా అత్త దగ్గర మరీ గట్టిగా ఉండేది. ఆడది మొగుడి పేరు నోటితో అనకూడదు. అన్నప్పుడల్లా ఆయన ఆయుస్సు కొంచెం తరుగుతుంది. రేషన్ కార్డు రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడు నేను పక్కింటివాళ్ళను పిలిచి వాళ్ళచేత చెప్పించేదాన్ని. పెళ్ళయిన నాటినుంచి ఆ పేరు నా నోట రాలేదు. నమ్మేదానివా అని అడిగితే, నమ్మేదాన్ని. ఊపిరి పీల్చడం గురించి ఎవరూ ఆలోచించరు కదా, అట్లా.

ముందురోజే మా పుట్టిల్లు పుంగనూరుకు వచ్చి, అక్కడే బస్సెక్కాం. నీలం రంగు బస్సు. ముందర నిమ్మకాయల దండ, పైన మైకు గొట్టం. లోపల అందరూ మదనపల్లెవాళ్ళే, మాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అమానుల్లాకు కూడా మేము గంగులప్ప మేస్త్రీ పంపిన మనుషులం, అంతే. మాకు చివరి సీటు వచ్చింది. ముందు సీట్లో పార్వతమ్మ అని, గుడ్డల అంగడివాళ్ళ ఆడమనిషి. ఆమె నోటికి బస్సంతా భయపడేది.

పుంగనూరు బంగళాను మసక వెలుతురులో గేటు బయటినుంచే చూపించాడు. చంద్రగిరి చేరేసరికి ఎండ ఎక్కింది. అమానుల్లా చేతి మైకు పట్టుకుని మహలు ముందు నిలబడ్డాడు.

"అమ్మా, అప్పా, అందరూ ఇట్ల సూడండి. ఇంత మహలు కట్టినారు గదా, ఒక్క దూలం లేదు, ఒక్క కట్టె లేదు. అంతా రాయి, ఇటికె, సున్నం."

మా అత్త కొంగు నెత్తిన సర్దుకుని, "పొయ్యి యాడ పెట్టినారప్పా?" అంది.

"రాణెమ్మకు పొయ్యితో ఏం పని అవ్వా?"

"పొయ్యితో లేకపోతే మానె. కూటితో అన్నా పనుంటాది గదా."

అందరూ నవ్వారు. "కుప్పం అవ్వ వంటిల్లు సూసేదానికి వచ్చిండాది," అంది పార్వతమ్మ. మా అత్త కూడా నవ్వింది. ఆమె నవ్వడం ఆరోజుకు అదే ఆఖరు.

మహాబలిపురంలో పెద్ద బండమీద ఏనుగులూ మనుషులూ చెక్కినచోట అమానుల్లా చాలాసేపు చెప్పాడు. అత్త ఏమీ వినలేదు. దగ్గరికి పోయి అరచెయ్యి రాతికి ఆనించింది. గరుకు తడిమింది. "ఇది కొట్టినోళ్ళకు గూడా దగ్గు వచ్చింటాది," అంది. అమానుల్లా మైకు దించేశాడు.

తరువాత సముద్రం.

సరుగుడు చెట్ల కింద బస్సులు వరసగా నిలిచి ఉన్నాయి. దిగగానే అత్త అమానుల్లాను అడిగింది. "ఈపొద్దు పున్నమా?"

"కాదవ్వా."

"అమాస?"

"అదీ కాదు. ఈపొద్దు ఆదివారం, అంతే."

"అయితే నేను తాకను. పర్వం లేని దినం సముద్రాన్ని తాకితే పాపం." నావైపు తిరిగి, "నువ్వు పో మే. మీ పుంగనూరోళ్ళకు ఆచారం ఏడిసిందా! అందురూ చెప్పులు ఈడ ఇడ్సండి, నేను సూసుకుంటా," అంది. చెప్పుల కుప్పను ముందరేసుకుని కూర్చుంది. కొడుకు మాటిచ్చిన సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది.

నేను పోయాను. మా పక్క చెరువులు ఎండిన ఏండ్లే ఎక్కువ. ఎక్కడి నీళ్ళో అన్నీ ఇక్కడికొచ్చి పడి, ఎవరికీ పనికిరాకుండా ఎగిరెగిరి పడుతుంటే నాకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. అయినా కాళ్ళు తడుపుకున్నాను. అల వెనక్కి పోతుంటే కాళ్ళకింద ఇసుక జారింది. ఇంకో అల చూద్దామని నిలబడ్డాను, ఇంకొకటి చూద్దామని నిలబడ్డాను.

వెనక్కి వచ్చేసరికి చెప్పులున్నాయి. అత్త లేదు.

మొదట బస్సులో చూశాను. గవ్వల అంగళ్ళ దగ్గర, గుడి దగ్గర, బోరింగు దగ్గర చూశాను. "అత్తా, అత్తా" అని అరుస్తూ తిరిగాను. మా బస్సువాళ్ళు కొందరు నాతో తిరిగారు. ఎండ తగ్గింది. వచ్చినవాళ్ళంతా బస్సుల్లో ఎక్కుతున్నారు. ఒక్కొక్క బస్సే కదులుతోంది.

"కొంచేపు సూస్తాం అమ్మా," అన్నాడు అమానుల్లా. "ఆమీట నన్ను ఏమీ అనద్దు. వీళ్ళందురూ రేపు పనుల్లోకి పోవల్ల."

"ముసిలామెను తెచ్చేటప్పుడు కొంగుకు ముడేసుకోవల్ల," అంది పార్వతమ్మ. అన్నదే కానీ, చెప్పుల్లేకుండా ఆ ఇసుకలో నాతో సమానంగా తిరిగింది ఆమే.

అమానుల్లా బస్సుపైని మైకు వేయించాడు. "పేరేందమ్మా మీ అత్తది?"

"అక్కమ్మ."

"కుప్పం అక్కమ్మా, ఎక్కడున్నా బస్సు దగ్గరికి రావల్ల" అని పిలిచాడు. ఎవరూ రాలేదు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆమెను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. అది తన పేరని ఆమెకే జ్ఞాపకం ఉండదు.

"ఆమెను అట్ల పిలవరప్పా. కొడుకు పేరు పెట్టి, పలానావాళ్ళమ్మా అంటారు."

"అయితే కొడుకు పేరు చెప్పు."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"అరే, కొడుకంటే నీ మొగుడే గదమ్మా!"

చుట్టూ ఉన్నవాళ్ళు అర్థమై నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. "రేణుకమ్మకు ఇంకో పేరుండాది గదా," అన్నాను. "దాంట్లో అమ్మ తీసి, అప్ప."

"రేణుకప్పనా? గంగప్పనా?" అన్నాడు అమానుల్లా. "మాకు మీ దేవతలు ఏం తెలుస్తార్ తల్లీ? పేరు చెప్తే ఒక మాటలో అయిపోతాది."

"ఎల్లమ్మరా అయ్యా! ఎల్లప్ప!" అని అరిచింది పార్వతమ్మ. "అవునా మే?"

తల ఊపాను.

"ఎల్లప్పవాళ్ళమ్మా! ఎల్లప్పవాళ్ళమ్మా! ఎక్కడున్నా రావల్ల!" అమానుల్లా గొంతు సరుగుడు చెట్లమీదినుంచి పోయింది. ఎవరూ రాలేదు. నేను మైకు అడిగి తీసుకుని, "అత్తా, నేనత్తా, రాత్తా," అన్నాను. ఎవరూ రాలేదు. వరస చివర ఇంకో బస్సు ఇంజను వేసింది. డ్రైవరు అమానుల్లాను చూశాడు. అమానుల్లా నన్ను చూసి మైకుకు చెయ్యి చాపాడు.

ఆమెను ఎట్లా తీసుకుపోయానో అట్లే తీసుకురమ్మన్నాడు ఆయన. ఆమె లేకుండా ఆ గడప ఎక్కి నేను ఏం చెప్పాలి?

మైకు ఇవ్వలేదు. నోటికి దగ్గరగా పెట్టుకున్నాను. "ఎల్లప్పోళ్ళమ్మా!" అన్నాను. సముద్రం ఒడ్డంతా నా మొగుడి పేరు నా గొంతుతో వినిపించింది. ఒకసారి వచ్చాక ఆగలేదు. "ఎల్లప్పోళ్ళమ్మా! ఎల్లప్ప నిన్ను తీసుకురమ్మన్నాడు! ఎల్లప్పా!" అని, చివరికి ఆయన్నే పిలుస్తున్నట్లు అరిచాను.

ఇంజను వేసిన ఆ బస్సులోంచి మా అత్త దిగింది.

అది కూడా నీలం బస్సే. ముందర నిమ్మకాయల దండ. కోలారు పక్కవాళ్ళది. ఎండకు తాళలేక మా బస్సనుకుని ఎక్కి, చివరి సీట్లో కొంగు కప్పుకుని పడుకుంది. వాళ్ళు ఎవరని అడిగితే బదులు చెప్పలేదు. ఎవరి అవ్వో, వాళ్ళే వస్తారని వాళ్ళు ఊరుకున్నారు.

ఆమె పరుగెత్తి వచ్చింది. ఆ వయసులో ఆమె పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. దొరికిందని నేను చేతులు చాపాను. ఆమె నా చేతులు తోసి, అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టి గట్టిగా నొక్కింది.

"నోరు ముయ్యే! నా కొడుకును యాల పిలస్తాండావే? యాల పిలస్తాండావు?"

"నువ్వు కనపళ్ళేదత్తా..."

"నేను యాడికి పోతినే? బస్సులోనే కూసోనుంటి గదా!"

తప్పిపోయానని ఆమెకు తెలియనే తెలియదు. అక్కమ్మా అంటే ఎవరో అనుకుందట. ఎల్లప్పవాళ్ళమ్మా అని మగమనిషి పిలిస్తే, ఈ దేశంలో ఎంతమంది ఎల్లప్పలు లేరు అనుకుందట. అత్తా అంటే, మైకులో గొంతు నాదని పోల్చుకోలేక, ఎవరి కోడలో అత్తను పోగొట్టుకుందని ఆ కోడలిమీద జాలిపడిందట. ఆ పేరు నా గొంతులో విన్నాకే లేచింది. నా దగ్గరికి రావడానికి కాదు, నన్ను ఆపడానికి.

బస్సు కదిలింది. చివరి సీట్లో ఇద్దరమే. చాలాసేపటికి, "ఎన్నితూర్లు అన్నావు?" అంది.

"తెలీదత్తా."

"నేను పోయింటే పోయిందును. ముసిల్దాన్ని. వాడిది తగ్గించి నన్ను తెస్తివే."

మళ్ళీ కుప్పం చేరేదాకా మాట్లాడలేదు. ఆయన అరుగుమీద కూర్చుని మా కోసం చూస్తున్నాడు. "సముద్రం ఎట్లుండాది మా?" అని అడిగాడు.

"ఏమో నాయనా, నేను తాకలేదు," అంది. ఇంకేమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అప్పుడే ఆయన దగ్గాడు. ఆమె నావైపు చూసింది. ఆనాటినుంచి ఆయన దగ్గినప్పుడల్లా ఆమె నావైపు చూసేది.

మరుసటి ఏడు దసరాకు ముందు ఆయన పోయాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని, అది ఏండ్ల తరబడి చేరిందని డాక్టరు చెప్పాడు. నేను మైకు పట్టకముందే చేరింది. ఆ మాట నేను నాకు చెప్పుకుంటూనే ఉన్నాను. చెప్పుకోవలసి వస్తోందంటే ఏమని అర్థమో మీకు తెలుసు.

శవం దగ్గర అందరిముందూ ఆమె ఆ సంగతి ఎత్తుతుందని కాచుకుని కూర్చున్నాను. ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

తరువాత నేనూ ఆమే మా అమ్మాయి ఇంటికి మదనపల్లె వచ్చేశాం. మా వీధిలో పెద్దవాళ్ళకు రాత్రిబడి పెడితే చేరాను. అప్పటికి అత్త మంచంలో ఉంది, చూపు మందగించింది. ఒకరోజు పలక తుడుచుకుంటుంటే పిలిచింది.

"వాని పేరు ఒకతూరి పిలువు మే."

పలక తుడవడం ఆపి ఆమెవైపు తిరిగాను.

"ఆ పొద్దు మైకులో పిలిసినావే, అట్ల. అంత గట్టిగా వాణ్ణి ఎవురూ పిలవలేదు. ఇంక తగ్గేదానికి ఏముండాది? పిలువు."

నోరు తెరిచాను. రాలేదు. మళ్ళీ తెరిచాను. ఆ అరచెయ్యి ఇంకా నా నోటిమీదే ఉన్నట్లుంది. పలకమీద పెద్ద అక్షరాలతో రాసి ఆమె చేతికిచ్చాను. అంతవరకు నాకు వచ్చింది. ఆమె కండ్లు చికిలించి చూసింది, వేలితో తడిమింది. సుద్ద చెరిగి వేలికి అంటుకుంది.

"ఇది కాదే," అంది. "నోటితో."

పలక పక్కన పెట్టి గోడవైపు తిరిగింది. ఆ చలికాలంలోనే పోయింది. ఎన్నోసార్లు అడగలేదు, ఆ ఒక్కసారే అడిగింది.

ఇందులో ఆయన పేరు చాలాసార్లు రాశాను. రాసేటప్పుడు చెయ్యి వణకలేదు. కానీ మా అమ్మాయి దిద్దుతూ పైకి చదువుతుంటే, ఆ పేరు వచ్చినచోటల్లా నేను లేచి వాకిట్లోకి పోయాను.

యశోదమ్మ, ఎల్లప్ప భార్య
వయసు యాభై రెండు
ఇప్పుడు ఉండేది నీరుగట్టువారిపల్లె, మదనపల్లె