ఐదేళ్ల గీత

మూడో అంతస్తుకి వచ్చేసరికి సర్వేయరమ్మ మోకాళ్లు చెప్పిన మాట వినడం మానేశాయి. వెనకాల సూదమ్మ, పిల్లల ఎత్తు కొలిచే చెక్క భుజాన వేసుకుని, బరువు మిషను చంకలో ఇరికించుకుని, ఆయాసపడుతూనే ఎవరెవర్నో తిట్టుకుంటూ ఎక్కుతోంది. ఆవిడ అసలు పేరు ఆఫీసులో కూడా ఎవరూ పలకరు. పిల్లల వేలికి సూది గుచ్చి, చుక్క రక్తం పట్టీ మీదకి తీసుకుని, చేతిలో పట్టే చిన్న మిషన్లో రక్తం ఎంతుందో చూడటం ఆవిడ పని. దాంతో సూదమ్మ అయిపోయింది.

"లిఫ్టున్న ఇల్లు ఒక్కటంటే ఒక్కటి మనకి తగల్లేదు చూడక్కా," అంది సూదమ్మ రెయిలింగు పట్టుకుని. "ఇళ్లు ఏరిన మహానుభావుడెవరో గానీ, ఆయన కాళ్లకి దణ్ణం. నా కాళ్లు మాత్రం ఇటివ్వమను."

"ఇవాళ్టికి ఇదే ఆఖరిది. పద."

దేశమంతటా పిల్లల ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకునే సర్వే అది. వినడానికి భేషుగ్గా ఉంటుంది. చేసేవాళ్లకి మాత్రం మెట్లు, తలుపులు, "ఇప్పుడు కుదరదు" అనే మొహాలు, మళ్లీ మెట్లు. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుంటే ఇక అంతే సంగతులు. టీకాలు, విరేచనాలు, ఏం తిన్నారు, ఎప్పుడు జ్వరమొచ్చింది, ఎత్తు, బరువు, సూది, అన్నీ అయ్యేసరికి ప్రాణాలు తోకకొస్తాయి. ఐదు దాటితే మాత్రం ఏమీ లేదు. ఒక్క నెల దాటినా ఆ పిల్ల సర్వేకి పుట్టనట్టే లెక్క. అందుకని ఒళ్లు హూనమైన సర్వేయర్లు సాయంత్రం వేళ ఐదుకి దగ్గరపడ్డ పిల్లల్ని మెల్లగా గీత అవతలికి తోసేస్తుంటారు. పుట్టిన నెల కాస్త వెనక్కి జరిపితే చాలు, ఇంటికి పోవచ్చు.

సర్వేయరమ్మ కూడా ఓసారి తోసింది. ఆ తర్వాత వారం సూపర్‌వైజరు అందరి ముందూ ఆమెని నిలబెట్టాడు. "మీరు తిరిగిన వీధిలో పిల్లలందరికీ ఒక్కసారే ఐదేళ్లు నిండిపోయాయేంటమ్మా? ఇంకొక్క వయసు తప్పొచ్చిందంటే ఇంట్లో కూర్చుని మీ పిల్లల్నే కొలుచుకుందురుగాని." నలుగురూ నవ్వారు. ఆమె జీతం మీద నడిచే ఇల్లు ఆమెది. నవ్వు రాలేదు.

తలుపు తట్టీ తట్టకముందే తెరుచుకుంది. లోపల ఒకటే గది, దాని వెనక ఒక మనిషి పట్టేంత వంటిల్లు. కిటికీ పక్క మంచం మీద ఓ ముసలావిడ బట్టలు మడతపెడుతోంది. తలుపు తీసింది ఆవిడ కోడలు. గోడకి ఆనుకుని ఒక ఆడపిల్ల కూర్చునే నిద్రపోతోంది.

"రండి రండి మేడమ్, మీకోసమే చూస్తున్నా," అంది కోడలు.

సర్వేయరమ్మకి అక్కడే ఏదో తేడా కొట్టింది. ఈ ఉద్యోగంలో చేరాక ఆమె కోసం ఎదురుచూసిన ఇల్లు ఇదే మొదటిది.

మామూలు ప్రశ్నలయ్యాయి. ఇంట్లో నలుగురు. కొడుకు మిల్లులో పనికెళ్లాడు. "పాపకెన్నేళ్లు?" అని అడిగేసరికి కోడలు గొంతు తగ్గించి, "నాలుగున్నర," అంది. పుట్టిన నెల, తేదీ కూడా గడగడా అప్పజెప్పేసింది. మామూలుగా తల్లులు అలా చెప్పరు. వానల్లో అంటారు, మా తమ్ముడి పెళ్లప్పుడు అంటారు, వేళ్లు ముడుచుకుంటారు, తల గోక్కుంటారు. తడుముకోని తల్లిని చూస్తే సర్వేయరమ్మకి అనుమానం. ఇంతలో పిల్లకి మెలకువొచ్చి ఆవులించింది. ముందు పళ్లు రెండూ లేవు.

సర్వేయరమ్మ పెన్ను ఆపి కోడలి వంక చూసింది. నాలుగున్నరకి పాలపళ్లు ఊడిన పిల్లని ఆమె ఇంతవరకూ చూళ్లేదు.

"నాలుగున్నరేంటే?" అంది మంచం మీంచి ముసలావిడ. ఆవిడ చెవులు వయసుకి మించి పనిచేస్తున్నాయి. "మొన్న వేసవికే ఆరు నిండితేనూ! కన్నదానివి నీకే గుర్తులేకపోతే ఎట్లా? అమ్మా, దానికి ఆరున్నర. ఒళ్లొంచి చెంబు నీళ్లు అందించదు గానీ వయసుకేం తక్కువ లేదు. నిద్రమొహం! పొద్దున లేపడానికి ఇంటిల్లిపాదీ పూనుకోవాలి దీన్ని."

కోడలు తల దించుకుంది. పిల్ల మాత్రం ఆ మాటలు తన గురించి కానట్టు మళ్లీ గోడకి తల ఆన్చింది.

సర్వేయరమ్మ ఆరున్నర అని రాసింది. ఐదేళ్ల లోపు పిల్లలు లేరు. పని ఇట్టే అయిపోయింది. నిజం రాస్తే తొందరగా ఇంటికెళ్లే అవకాశం ఈ సర్వేలో ఎప్పుడో గానీ రాదు. సూదమ్మ అప్పుడే సంచీ సర్దుతోంది.

"మేడమ్, మంచినీళ్లిస్తాను, ఒక్కసారి ఇలా రండి," అంది కోడలు.

వంటింట్లో గ్లాసు చేతికిచ్చి, నీళ్లు పొయ్యడం మర్చిపోయి, గుసగుసగా మొదలుపెట్టింది. "అబద్ధం చెప్పాను, ఏమీ అనుకోకండి. పక్క వీధిలో మీరు ఒక బాబుకి సూది గుచ్చి, రక్తం లేదని ఆసుపత్రికి చీటీ రాసిచ్చారంట కదా. వాళ్లింట్లో అందరూ పరిగెత్తారంట. మా పిల్లకీ అట్లా చేస్తారేమోనని... ఆర్నెల్లుగా చెబుతున్నా మేడమ్, అది బాగాలేదని. మెట్లెక్కితే మధ్యలో కూర్చుండిపోతుంది. ఆడుకోదు. మట్టి తింటుంది. మా అత్తయ్యేమో బద్ధకమంటుంది. మా ఆయనేమో నేను దాన్ని గారాబం చేసి చెడగొడుతున్నానంటాడు. రోజుకూలి పోగొట్టుకుని ఏ రోగముందని తీసుకెళ్లాలి అంటాడు. నా మాట గడప కూడా దాటదు మేడమ్. మీరు కాగితం మీద రాస్తే నమ్ముతారు."

"మాకు ఐదు దాటిన పిల్లల్ని ముట్టుకునే హక్కు లేదమ్మా. మీరే తీసుకెళ్లండి ఆసుపత్రికి."

"దేంతో తీసుకెళ్లను?" అంది కోడలు.

ఆ అడగడంలో కోపం లేదు. సర్వేయరమ్మ ఖాళీ గ్లాసు గట్టు మీద పెట్టింది. ఇలాంటి వంటిళ్లు ఎన్ని చూసిందో ఆమెకే తెలీదు. ప్రతిచోటా ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు, మందు అడుగుతారు, రేషను అడుగుతారు, మొగుడికి బుద్ధి చెప్పమంటారు. మేము రాసుకోవడానికే వచ్చామమ్మా అని చెప్పి చెప్పి ఆ మాట ఆమె నోట్లో అరిగిపోయింది. ఇప్పుడూ అదే అని బయటపడొచ్చు. రూలు కూడా ఆమె పక్షమే ఉంది, అలసట సరేసరి. ఇంటికెళ్లి కాళ్లు చాపుకోవాలని ఆమెకి ఏడుపొచ్చేంత కోరికగా ఉంది.

గదిలోకొచ్చి, పోతూ పోతూ పిల్ల దగ్గర వంగి, కన్ను కింది రెప్ప వేలితో కాస్త లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి కాగితంలా ఉంది. పిల్ల చేతిని ఎత్తి వదిలితే అది పడిపోయింది.

"సూదమ్మా, సంచీ విప్పు."

సూదమ్మ విననట్టు చూసింది. "అక్కా, దానికి ఆరున్నర."

"తెలుసు. నేనే రాశాను."

"పట్టీకి పట్టీ లెక్క చెప్పాలి. సరేలే, పాడైపోయిందని రాసుకుంటా."

"వద్దు. ఆరున్నరేళ్ల పిల్లకి గుచ్చామనే రాయి. నేను గుచ్చమన్నానని రాయి. అడిగితే నేను చెప్పుకుంటా."

"నిన్ను పీకేస్తారక్కా."

"పీకితే మెట్లెక్కే బాధ తప్పుతుంది," అంది సర్వేయరమ్మ.

సూదమ్మ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. సూది గుచ్చేటప్పుడు ఆవిడ ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడుతుంది. "చీమ కుట్టిందంటావా, నేను కుట్టానంటావా?" అని అడిగింది. మామూలుగా ఏ పిల్లయినా కేరుమంటుంది. ఈ పిల్ల వేలి వంక చూసింది, అంతే. ముసలావిడ మడతపెట్టడం ఆపి, "అది సూదిక్కూడా బద్ధకిస్తుందమ్మా," అంది.

మిషను కాసేపు ఆలోచించి అంకె చూపించింది. సూదమ్మ ఇంకో పట్టీ తీసి, ఇంకో వేలు తుడిచి, మళ్లీ గుచ్చింది. మళ్లీ అదే అంకె. సర్వేయరమ్మ దగ్గరికి జరిగింది.

"ఎంత?"

"ఐదు పాయింట్ ఎనిమిది."

"అంటే ఎంత మేడమ్?" అంది కోడలు.

"పదకొండు పైన ఉండాలి తల్లీ," అంది సూదమ్మ. "పిల్ల ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగమే ఉంది. ఇవాళే తీసుకెళ్లాలి. రేపనకండి."

కోడలి మొహం ఒక్కసారిగా విప్పారింది. గిరుక్కున అత్తగారి వైపు తిరిగింది. "విన్నారా అత్తయ్యా? జబ్బే! నేను చెప్పలా? ఆర్నెల్లుగా మొత్తుకోలా? బద్ధకం కాదు, జబ్బే!" అని గట్టిగా నవ్వింది. పందెం గెలిచినవాళ్లు అలా నవ్వుతారు.

మిషన్లో అంకె విని భయపడ్డ తల్లుల్ని చూసింది సర్వేయరమ్మ, నమ్మని తల్లుల్ని చూసింది, తమని తిట్టి తలుపేసుకున్నవాళ్లనీ చూసింది. నవ్విన తల్లిని చూడటం ఇదే మొదటిసారి. ఈ ఒక్క మాట పైకి రావడానికి ఆ మనిషి ఎంత కాలం ఒంటరిగా వాదించుకుందో అప్పుడు అర్థమైంది.

ముసలావిడ మడతపెట్టిన బట్టని మళ్లీ విప్పి, మళ్లీ మడతపెడుతోంది. అది పిల్ల గౌనే.

నవ్వు ఇంకా పెదాల మీద ఉండగానే కోడలి చూపు సూదమ్మ ఒళ్లోకి వెళ్లింది. పిల్ల రెండు వేళ్లకీ దూది పెట్టుకుని, కళ్లు మూతలు పడుతుంటే ఆపుకుంటూ అమ్మ వంకే చూస్తోంది.

"సగమేనా?" అంది కోడలు. "సగమే ఉందా మేడమ్? మరి... ఇన్నాళ్లూ..." అంటూ ఉన్నచోటే కూలబడి, రెండు చేతుల్తో నోరు నొక్కుకుని ఏడ్చేసింది.

సర్వేయరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత ఆసుపత్రికి చీటీ రాయడం మొదలుపెట్టింది.

పిల్ల సూదమ్మ ఒళ్లోంచి దిగి, గోడ పట్టుకుని నడిచి, తల్లి దగ్గరికొచ్చి నిలబడింది. ఆ నాలుగడుగులకే రొప్పుతోంది.

"ఏడవకమ్మా," అంది. "రేపట్నుంచి తొందరగా లేస్తాలే."

మంచం మీంచి ముసలావిడ దిగ్గున లేచింది. వచ్చి, పిల్లని రెండు చేతుల్తో ఎత్తి భుజాన వేసుకుంది. ఎత్తగానే, అనుకున్నంత బరువు లేకపోయేసరికి ఆవిడ ఒక అడుగు వెనక్కి తూలింది.

"లేవొద్దులేవే తల్లీ," అంది ఆవిడ, చెప్పులు వెతుక్కుంటూ. "నువ్వు పడుకో. నేను మోసుకెళ్తా."