జర్మనీ పట్టాలు, ఉమ్ సలాల్ ఎండ

మల్లన్న రైలు పట్టాలెత్తే పటకారు చేత్తో పట్టుకునే కూలబడిపోయాడు. ఫోర్‌మన్ ఇక్రాముద్దీన్ అతని మొహం మీద సీసాడు నీళ్లు గుమ్మరించి, "నీడకు గుంజుండ్రి. మిగిలినోళ్లు యల్లా, కానియ్యండ్రి!" అన్నాడు.

అదే గ్యాంగులో పనిచేసే ముఖీత్ కళ్లముందే జరిగింది ఇది, ఉమ్ సలాల్ తోటలో, మిట్టమధ్యాహ్నం. వేసవిలో ఆ వేళ బయట పని చేయించకూడదని ఈ అరబ్బు దేశపు చట్టమే చెబుతోంది. కంపెనీ దానికీ మందు కనిపెట్టింది. పట్టాల మీదుగా పందిరిలా ఆకుపచ్చ వల కట్టించి, ఇది బయట పని కాదంది.

పట్టాలేమో జర్మనీవి. అక్కడెక్కడో ఒక రాళ్ల గని నుంచి పెద్ద స్టేషన్ దాకా వేసిన చిన్న రైలు దారి. లారీలొచ్చాక మూతబడి గడ్డిలో తుప్పుపట్టింది. తోట యజమాని ముచ్చటపడి కొని, ఊడదీయించి, ఓడలో తెప్పించాడు, అతిథులను షికారు తిప్పడానికి. గేటు దగ్గర ఆ చరిత్రంతా ఇంగ్లీషు బోర్డు మీద రాయించాడు. ఇంటర్ చదివిన ముఖీత్ దాన్ని అందరికీ చదివి చెప్పాడు. గని యజమాని పేరుంది, ఇంజనీరు పేరుంది.

"మరి మోసినోళ్ల పేర్లు?" అడిగాడు రాజేశం.

"లెవ్వన్నా."

"అక్కడ గూడ గంతేనా!"

రాజేశం కూత పెట్టే మనిషి. పట్టా లేవాలంటే అతను "హైసా" అనాలి, అందరూ ఒక్క ఊపులో ఎత్తాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే కాళ్లు నుజ్జే.

మల్లన్నను ఆస్పత్రిలో పెట్టిన సాయంత్రం క్యాంపులో పెద్ద వాదులాటే జరిగింది. కిందటేడు పని చేయనన్నవాణ్ణల్లా ఏరి ఇంటికి పంపింది కంపెనీ. చివరికి ఒక మాట మీదికొచ్చారు. పనికి ఎవరూ కాదనొద్దు. కూత మాత్రం రావొద్దు.

మర్నాడు ఎండ నడినెత్తికి రాగానే అందరూ పటకారులతో పట్టాను పట్టి వంగి నిలబడ్డారు. రాజేశం నోరు విప్పలేదు.

"ఏంరా, గొంతు పోయిందా?" అన్నాడు ఇక్రాముద్దీన్.

"ఎండకు ఎండిపోయింది సారూ. నువ్వే అను."

ఇక్రాముద్దీన్ "హైసా!" అని అరిచాడు. పట్టా కదల్లేదు. మళ్లీ అరిచాడు.

"సారు పాట మంచిగుంది గని, బరువు లేస్తలేదు," అన్నారెవరో. కిసుక్కున నవ్వులు.

అతను ఫోన్ చేశాడు. కంపెనీ జీపొచ్చి రాజేశాన్ని ఎక్కించుకుపోయింది, ఇంటికి పంపేయడానికట. అందరూ వంగినచోటే ఉండిపోయి చూశారు. జీపుకు అడ్డం పోలేకపోయామే అని ముఖీత్‌కు ఒళ్లు మండింది.

ఇక్రాముద్దీన్ అతని దగ్గరికొచ్చాడు. "మియా, నువ్వు మనోడివి, చదువుకున్నోడివి. కూత పెట్టు, మేస్త్రీని చేస్త."

"మరి మల్లన్న ఎవలోడు సారూ?"

"కూత పెడ్తవా, జీపెక్కుతవా?"

ముఖీత్ వరుసంతా చూశాడు. అందరి చూపూ అతని నోటి మీదే. గుండె నిండా గాలి పీల్చి, రాజేశం లాగే గొంతు సాగదీసి అరిచాడు.

"కూసోండ్రీ!"

పటకారులన్నీ ఒక్క చప్పుడుతో కింద పడ్డాయి. పట్టాల కింద పరిచే చెక్క దిమ్మెల మీద గ్యాంగంతా ఒకేసారి కూర్చుంది.

"సారూ," అన్నారెవరో వెనకనుంచి, "ఇప్పుడు జీపు సాలదు. బస్సు తెప్పియ్యి."