నల్ల మూలల పుస్తకం

సోమవారం పొద్దు నడినెత్తికి ఎక్కక ముందే జయలక్ష్మమ్మ మూడుసార్లు బస్టాండుకు పోయి మూడుసార్లు ఇల్లు చేరింది. మొదటిసారి పోచంపల్లి బస్సు ఎక్కనైతే ఎక్కింది, కండక్టరు ఈల వెయ్యంగానే దిగేసింది. రెండోసారి బస్సు రాకముందే వెనక్కి తిరిగింది. మూడోసారి చెప్పులు వేసుకోను మరిచిపోయి, కాళ్ళు కాలతా ఉన్నాయని వచ్చేసింది.

మొగుడు శ్రీరామప్ప పందిట్లో కూర్చొని మోటారు వైరు చుట్టుకుంటా ఇదంతా చూస్తా ఉన్నాడు.

“ఏమే, కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతా ఉండావు? పోచంపల్లిలో ఏముందే నీకు? నిన్న సంతకు రమ్మంటే రానంటివే!”

“ఏమీ లేదు. నీ వైరు నువ్వు చుట్టుకో.”

ఏమీ లేకేమి! పదకొండేండ్లుగా ఆయమ్మ కడుపులో మూతపెట్టి ఉంచిన గుట్టు ఖాకీరంగు కాగితం చుట్టుకొని, పోస్టు సంచిలో కూర్చొని, పోచంపల్లికి పోతా ఉంది. పంపింది ఎవరయ్యా అంటే తానే.

హోసూరు, కృష్ణగిరి పక్క మన ఇండ్లల్లో మాట్లాడేది తెలుగు, పిల్లోళ్ళు బడిలో చదివేది అరవం. తెలుగు పుస్తకం కావాలంటే బెంగుళూరుకో చిత్తూరుకో పోవాల. హోసూరులో శశికుమార్ అని ఒక అయ్యవారు, ఆయప్పే దీనికొక ఉపాయం చేసినాడు. తెలుగు చదవను ఆశ ఉండేవాళ్ళను ఏడుమందిని జత చేసి, ఒక పుస్తకం కొని, దాన్ని పోస్టులో తిప్పేది. ఒక్కొక్కరి దగ్గర పది దినాలు. పదకొండో దినం కాగితం చుట్టి తరువాతివాళ్ళకు పంపాల. ఏడుమందీ చదివినాక, కడాన ఎవురేమి రాసినారో చూసుకోను ఇంకో చుట్టు తిరుగుతుంది. పంపేవాళ్ళ పేరు, అందేవాళ్ళ పేరు టైపు చేసిన చీటీలు ఆయప్పే ముందుగా పంపిస్తాడు, అంటించేది ఒకటే మన పని. ఊళ్ళో జాబులన్నీ మొగోళ్ళ పేరు మీదనే వస్తాయి గదా, జయలక్ష్మమ్మ చీటీ మీద కూడా ‘శ్రీరామప్ప, మత్తూరు’ అనే ఉండేది. ఆ శ్రీరామప్ప ఏనాడూ ఒక పేజీ తిప్పింది లేదు.

తొంభై ఎనిమిదిలో తిరిగిన పుస్తకం పేరు ‘మాయతివాచీ బరువెంత?’ అవ్వలు చెప్పే కథల్లోని మాయలన్నీ ఒక్కొక్కటిగా తీసుకొని, ఇది జరిగేదా జరగనిదా, జరగాలంటే ఏమేమి కావాల అని సైన్సు లెక్కతో చెప్పే పుస్తకం. తివాచీ మనిషిని మోసుకొని ఎగరాలంటే కింద గాలి ఎంత బలంగా తొయ్యాల. రాకుమారుడు చిలక అయిపోతే, చిలక బరువు పోను మిగిలిన బరువు యాడికి పోవాల. జయలక్ష్మమ్మ చదివింది ఐదో తరగతి, అదీ సగం. అయినా ఒక్కో పేజీ మూడుసార్లు చదివేది. పులుసు పొంగి పొయ్యి ఆరిపోయినా తల ఎత్తేది కాదు. ఆ మిగిలిన బరువు సంగతి రెండు దినాలు మనసును తొలిచి, ఓపలేక మొగుణ్ణే అడిగేసింది.

“యాడికి పోతుంది? పెండ్లాం నెత్తిన పడింటుంది,” అన్నాడు శ్రీరామప్ప.

పుస్తకం కడాకు నాలుగు తెల్ల కాగితాలు కుట్టించి, వాటి మీద అయ్యవారు ఒక ప్రశ్న రాసి ఉన్నాడు. ‘కంటికి పూసుకుంటే ఎవురికీ కనబడని మాయాంజనం ఒక్క పూటకు మీకు దొరికితే, యాడికి పోతారు?’ పేరు రాయబన్లేదు, నంబరు వేస్తే చాలు. ఒకటో నంబరు సినిమా కొట్టాయిలో టికెట్టు లేకుండా దూరతానని రాసినాడు. రెండో నంబరు వియ్యపురాలు తన గురించి ఏమి చెప్పుకుంటుందో వినొస్తానని. మూడో నంబరు మామిడితోపులో దొంగను పట్టుకుంటానని.

నాలుగో నంబరు జయలక్ష్మమ్మ. నవ్వుకుంటానే పెన్ను పట్టింది. ఎవురికి తెలుస్తుంది, యాడోళ్ళో యావూరోళ్ళో అనుకొని, చెయ్యి పోయినట్ల పోనిచ్చింది.

‘నేను మా చెల్లెలింటికి పోతాను. పొయ్యి పక్కన నిలబడి దాని మొగం ఒక్కతూరి చూసి వస్తాను. మా నాయన మంచాన పడినప్పుడు, వెంటనే రమ్మని దానికి కార్డు రాసినాను గాని పోస్టు చెయ్యలేదు. బియ్యం తొట్టిలో దాచినాను. పోస్టులో పోయిందని చెప్పినాను. పదకొండేండ్లుగా పోస్టోళ్ళ మీద పెట్టిన తప్పు నాది.’

రాసినాక ఎదమీద నుంచి బండ దించినట్లయ్యింది. ఆ సుఖంలోనే పుస్తకం అట్టకు అరిగిపోయిన మూలలు చూసి పాపమనిపించి, చుట్టిన కాగితం నాలుగు మూలలకూ మొగుని మోటారు వైరుకు వేసే నల్ల టేపు గట్టిగా అంటించింది. ‘అందేవారు: రేణు, టీచరు, సంత వీధి, పోచంపల్లి’ అని చీటీ. కొత్తగా చేరిన పిల్ల అని అయ్యవారు రాసింటే, చేరనీలే అనుకొనింది. శనివారం పోస్టు చేసేసింది.

ఆదివారం శ్రీరామప్ప సంతనుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటా చెప్పినాడు: “మీ మంజుల వాళ్ళు సంత వీధిలో కొత్తిల్లు కట్టినారంట. దాని కూతురు బుజ్జి లేదూ, టీచరైందంట. ఇప్పుడు బుజ్జి అంటే పలకదంట. బడి పేరేదో ఉందే... ఆ, రేణు.”

జయలక్ష్మమ్మ చేతిలోని గరిటె పోయి కూరలో పడింది.

మంజులమ్మ ఆయమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. నాయన ముసలితనంలో పెద్దకూతురి దగ్గరే ఉన్నాడు. ఒక జాతరలో నలుగురి ముందర మంజులమ్మ నోరు జారి, “అక్క నాయన్ని సాకతా ఉందా, నాయన చేన్ని సాకతా ఉందా?” అనేసింది. ఆ మాట జయలక్ష్మమ్మకు ములుకై దిగింది. మూడు నెలలకు నాయన మంచాన పడినాడు. దినామూ ఒకటే మాట, “చిన్నపాప వచ్చిందా?” అని. జయలక్ష్మమ్మ కార్డు రాసింది, మడిచి తొట్టిలో బియ్యం కిందికి తోసింది. రేపు పోస్టు చేద్దాం, రేపు చేద్దాం అని. పదోనాడు నాయన కన్నుమూస్తే మనిషిని పంపినారు. మంజులమ్మ వచ్చేటప్పటికి మాట్లాడే నాయన లేడు.

“కార్డు వేసినానే, అందలేదా?” అనింది అక్క.

చెల్లెలు కండ్లలోకి చూసి, “కార్డు పోస్టులో పోయిందో, నీ మనసులోనే పోయిందో,” అనేసి లేచింది. అంతే. పదకొండేండ్లు.

ఇప్పుడు ఆ రాత ఆ ఇంటికే పోతా ఉంది. సోమవారం తెల్లారీ తెల్లారకనే పోస్టాఫీసుకు పరిగెత్తి, “నా కట్ట నాకు ఇచ్చేయప్పా” అని అడిగితే, పోస్టుమాస్టరు, “సంచి శనివారమే పోయిందమ్మా. ఈ పొద్దు పోచంపల్లిలో పంచేస్తారు,” అని నవ్వినాడు. అందుకే ఆ తిరుగుడు. పోయి పోస్టుమ్యాను చేతిలోంచి పెరుక్కుందామా? పెరుక్కుంటా ఉంటే చెల్లెలు ఎదురైతే? పోకపోతే చదివేస్తుంది. పోతే చూడాల్సి వస్తుంది. కూర్చుంటే నేల కాలతా ఉంది, నిలబడితే గోడలు మీదికి వస్తా ఉన్నాయి.

నాలుగోసారి చెప్పులు వేసుకొని, కొంగు బిగించి, ఈసారి దిగేది లేదని బస్టాండుకు పోయింది. ఒంటిగంట కావస్తా ఉంది. పోచంపల్లి నుంచి వచ్చే బస్సు దుమ్ములేపుకుంటా వచ్చి నిలబడింది. నిలబడక ముందే లోపలినుంచి ఒక ఏడుపు.

“అయ్యో నా అక్కా! నన్ను పిలవకుండానే పోతివా నా తల్లీ!”

జనమంతా తప్పుకొని దోవ ఇచ్చినారు. జుట్టు ముడి ఊడిపోయి, చంకలో కొత్త కోక, చేతిలో సంచితో, కండక్టరు రెక్క పట్టుకుంటే మంజులమ్మ దిగింది. దిగి, కండ్లు తుడుచుకొని, ఎదురుగా చూసింది.

ఎదురుగా జయలక్ష్మమ్మ. చెప్పులతో, కొంగు బిగించుకొని.

మంజులమ్మ నోరు తెరిచింది తెరిచినట్లే ఉండిపోయింది. కండక్టరుకు అనుమానం వచ్చి, “ఏమమ్మా, సచ్చిపోయిన అక్క ఈయమ్మేనా?” అని అడిగినాడు. ఎవురో కిసుక్కుమన్నారు.

“సచ్చిపోలేదా నువ్వు?” అనింది మంజులమ్మ.

“లేదే.”

“మరి బావ చావు కాగితం ఎందుకు పంపినాడే?” అని సంచిలోంచి కట్ట తీసి అక్క ఎదమీదికి విసిరినట్లు పెట్టింది. “నాలుగు మూలలూ నల్లగా! పేరు చూస్తే బావది!”

అప్పుడు అర్థమయింది జయలక్ష్మమ్మకు. పెండ్లి పత్రికకు పసుపు మూలలు, చావు కార్డుకు నల్ల మూలలు, ఇది చిన్నపిల్లకు కూడా తెలుసు. చావు కాగితాన్ని గడప లోపలికి రానియ్యరు, బయటనే చదివి బయటనే చించేస్తారు. తన చేత్తో ఎన్ని వందల పత్రికలకు పసుపు పూసిందో, ఆ చెయ్యే నాలుగు మూలలకూ నల్ల టేపు వేసింది. బుద్ధి యాడ పెట్టిందో!

“విప్పి చూడలేదా?” అని అడిగింది.

“విప్పేదేమిటికి? నలుపు చూసినాక ఇంకేమి చదవాల? బుజ్జి బడికి పోయింది. వాకిట్లోంచే అంగడికి పోయి కోక తీసుకొని, ఉన్నట్లే బస్సెక్కినాను. ఇంత లావుందే, కర్మాంతరానికి తేవాల్సిన సామాను పట్టీ కూడా రాసినాడేమో బావ అనుకొన్నాను.”

కట్ట జయలక్ష్మమ్మ చేతిలో ఉంది. విప్పలేదు, చదవలేదు. నిన్నటినుంచి తిండి మానిందీ, పొద్దున్నుంచి తిరిగిందీ దీనికోసమే గదా. కడా కాగితం ఒక్కటి చించేస్తే అయిపాయె. చెల్లెలు చూడనే వచ్చింది, మాట్లాడనే మాట్లాడింది, ఇంకేమి కావాల?

ఇంటికి పోయినారు. శ్రీరామప్పకు సంగతి తెలిసి, “నాకు తెలియకుండానే నా పెండ్లాన్ని చంపినానా!” అని నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకొని చేను దిక్కు పోయినాడు. మంజులమ్మ ముఖం కడుక్కోను పెరట్లోకి పోయింది. జయలక్ష్మమ్మ వంటింట్లో టేపు పెరికి, కాగితం విప్పి, కడా పేజీ తీసి, రెండు వేళ్ళతో అంచు పట్టుకొనింది.

పెరట్లో చెంబు చప్పుడు. పదకొండేండ్లు మాట లేని మనిషి, అక్క పోయిందన్న కబురుకు జుట్టు కూడా ముడేసుకోకుండా వచ్చింది. రాసిన కార్డు తాను దాచింది. రాయని కార్డుకు అది పరిగెత్తి వచ్చింది.

వేళ్ళు వదిలేసింది.

“మంజులా, ఇట్ల రా. ఇది చదువు,” అనింది.

మంజులమ్మ గడపలో కూర్చొని, వెలుతురుకు పెట్టుకొని, పెదాలు కదుపుతా చదివింది. చదివి ఇంకొకసారి చదివింది. జయలక్ష్మమ్మ పొయ్యి దగ్గర నిలబడలేక, కూర్చోలేక, ఆరిపోయిన పొయ్యినే ఊదతా ఉంది.

మంజులమ్మ తల ఎత్తి అడిగింది, “నాయన నన్ను అడిగినాడా?”

“అడిగినాడు.”

“ఎన్నిసార్లు?”

“దినామూ. పొద్దునొకసారి, మాపటికొకసారి. కడా దినం మాట రాక, వాకిలి దిక్కు చెయ్యి చూపించినాడు.”

మంజులమ్మ ఏడవలేదు. బస్సులో ఏడ్చేసింది గదా, అదంతా అక్కకోసం అయిపోయింది. లేచిపోతుందేమోనని జయలక్ష్మమ్మ గడప దిక్కే చూస్తా ఉంది. చెల్లెలు లేవలేదు. పుస్తకంలో పేజీలు ఊరికే తిప్పి, తిప్పి, ఒకచోట ఆగింది.

“ఇది చదివినావా? అంజనం పూసుకొని మాయమైనోళ్ళకు వెలుతురు కంట్లో నిలవదంట. అందరికీ కనబడకుండా పోయినవాడు ఎవురినీ చూడలేడంట.”

“చదివినాను.”

“చదివీ నా పొయ్యి పక్కన నిలబడతానని రాసినావా? గుడ్డిదానివై నా సంగటి కుండలో పడింటావు.” నవ్వలేదు గాని పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకొనింది. “ఒప్పుకొనేదాన్ని ముందే ఒప్పుకొనుంటే ఇన్నేండ్లు... సరే. నేను ఆ మాట జాతరలో అనింది తప్పే. నువ్వు చేసింది దానికంటే పెద్ద తప్పు. నాకు ఊరికే పోదు ఇది.”

“పోబన్లేదు,” అనింది అక్క.

మూడున్నర బస్సుకు లేచినప్పుడు, తెచ్చిన కోక దగ్గర ఇద్దరికీ చిక్కు వచ్చింది. చచ్చినోళ్ళ మీద కప్పను తెచ్చిన కోక వెనక్కి తీసుకపోగూడదు. బతికుండేవాళ్ళకు ఇయ్యగూడదు. మంజులమ్మ కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, “పసుపు తే,” అనింది. కొత్త కోక మూలకు చుక్క పసుపు పెట్టి అక్క చేతిలో పెట్టింది. “ఇప్పుడు మామూలు కోకే. కట్టుకో. రంగు బాగలేకుంటే నన్ను అనొద్దు, కండ్లలో నీళ్ళతో ఏరినాను.”

జయలక్ష్మమ్మ పుస్తకానికి కొత్త కాగితం చుట్టింది. ఆ పది దినాలు రేణువి గదా, పుస్తకం పోయి తీరాల. ఈసారి నాలుగు మూలలకూ వేలితో పసుపు అద్ది ఇచ్చింది. చెల్లెలు సంచిలో వేసుకొని, బస్సు కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

“కడా కాగితం మీద నేనూ ఒక మాట రాస్తాను. బుజ్జి నంబరు కిందనే. పుస్తకం చుట్టు తిరిగి నీ దగ్గరికి వచ్చినప్పుడు చూసుకో.”

“ఏమి రాస్తావే?”

“చెప్పను.”

బస్సు కదిలిపోయింది. పుస్తకం మళ్ళీ మత్తూరు చేరను ఇంకా రెండు నెలలు. జయలక్ష్మమ్మ కొత్త కోక చంకలో పెట్టుకొని ఇంటికి పోయింది. మళ్ళీ బస్టాండు దిక్కు నాలుగడుగులు వేసింది. మళ్ళీ ఇంటికి పోయింది.