సగమే వినిపించిన మాట

కబురు వచ్చేసరికి ఆమె పొయ్యి ముందు నిలబడి, కూరలో ఉప్పు వేశానా లేదా అని తనతో తానే వాదించుకుంటోంది. ఫోనులో భర్త గొంతు మామూలుగా ఉండాలని నానా తంటాలు పడుతోంది.

"పెద్ద క్రేను నాకే ఇచ్చారు. రేపట్నుంచే."

చేతిలో గరిటెతోనే ఆమె వంటింట్లో గిర్రున ఒక చుట్టు తిరిగింది. కొత్త కాపురం. ఆరిన దుప్పటిని చెరో కొసా పట్టుకుని మడతపెట్టడం కూడా ఆమెకి సంబరంగానే ఉండేది. ఇక ఈ కబురు వింటే కాళ్లు నేల మీద నిలుస్తాయా?

"అంటే ఇకనుంచి మిమ్మల్ని చూడాలంటే మెడ నొప్పెట్టేలా పైకి చూడాలన్నమాట."

"చూడు. ఇన్నాళ్లూ నేనేగా తల దించుకుని వింటున్నది."

ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. బాగుందంటే బాగుందనుకుంటూ ఇద్దరూ తినేశారు.

ఆమె పని చేసేదీ ఆ ఓడరేవులోనే, భద్రతా విభాగంలో. పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు కార్మికులకీ డ్రైవర్లకీ జాగ్రత్తలు చెప్పాలి. వాళ్లు హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని ఆవులిస్తూ వింటారు. ముందు వరసలో కూర్చుని అల్లరి చేసేవాడు మైకు బాబాయ్. క్రేను పక్కన కింద నిలబడి, కంటెయినరు పెట్టె ఎటు దించాలో పైనున్నవాడికి చెప్పే మనిషి. ఆయన గొంతు ఓడ అవతలికి కూడా వినబడుతుందని ఆ పేరు పెట్టారు. ఆమె భర్తకి పని నేర్పింది ఆయనే.

"కోడలుపిల్లా, నువ్వు ముగించేలోపు ఓడ సరుకు దించుకుని వెళ్లిపోయేలా ఉంది."

"మీరు వాకీటాకీ సరిగ్గా పట్టుకుంటానంటే ఇప్పుడే ముగిస్తాను బాబాయ్. మాట పూర్తవకుండానే బొత్తాం మీంచి వేలు తీసేస్తారట. సగం మాట మీ దగ్గరే ఉండిపోతోందట."

"మిగతా సగం నీ మొగుడు ఊహించుకుంటాడులే. తెలివైనవాడు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

భర్త పెద్ద క్రేను ఎక్కిన వారంలోనే, లారీ మీదికి దిగుతున్న కంటెయినరు కింద నలిగి బాబాయ్ పోయాడు. పెట్టెకి బిగించే గొళ్లెం వంకరగా ఉంటే సరిచేయబోయాడన్నారు. చెప్పాపెట్టకుండా కిందికి దూరాడని సాయంత్రానికల్లా రేవంతా పాకింది. మేనేజరు ఆమె భర్తని పక్కకి పిలిచి, "నీ తప్పేం లేదయ్యా. నువ్వేమీ మాట్లాడకు, అంతే," అని భుజం తట్టాడు.

ఇంటికొచ్చి అతను బూట్లు విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. ఆమె మంచినీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది.

"పెట్టె దిగుతున్నంతసేపూ బాబాయ్ 'ఆ... ఆ... ఆ...' అంటూ ఉంటాడు, తెలుసుగా," అన్నాడు అతను. "ఆ అంటే దించమని. ఇవాళ కూడా 'ఆ' అన్నాడు. దించాను. ఆసుపత్రిలో లారీ డ్రైవరు చెప్పాడు, ఆయన అన్నది 'ఆగు' అట. చెవులారా విన్నాడట. వేలు ముందే తీసేశాడు. నాకు 'గు' రాలేదు."

ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"ఈ సంగతి చెబితే క్రేను తీసేసుకుంటారేమో," అంది. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అతను వంగి బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు సాయంత్రం బాబాయ్ ఇంటికి వెళ్లారు. వరండాలో అద్దె కుర్చీలు ఇంకా అలాగే ఉన్నాయి. లోపల పిన్ని ఆయన చొక్కాలు ముందేసుకుని కూర్చుంది. ఒక్కోటీ మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడుస్తోంది.

"చెప్పకుండా దూరాడంటగా," అంది తల ఎత్తకుండా. "ఇంట్లోనూ అంతే ఆయన. చెప్పకుండా వెళ్లేవాడు, చెప్పకుండా వచ్చేవాడు. ఊరందరికీ వినబడే గొంతు ఉండి, ఆ ఒక్క మాట చెప్పడానికి ఏం వచ్చింది ఆయనకి? కోపం వస్తోందమ్మా నాకు. పోయినవాడి మీద ఇంత కోపమేంటో."

ఆమె భర్త వైపు చూడలేకపోయింది. అతను కుర్చీలోంచి దిగి నేల మీద, పిన్నికి ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పాడు పిన్నీ. ఆగు అనే చెప్పాడు. నాకే సగం వినిపించింది. దించింది నేను."

పిన్ని చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది. తిడుతుందేమో, కొడుతుందేమో అనుకున్నారు. తిట్టినా బాగుండేది.

"చెప్పాడా," అంది చివరికి. "అయితే ఆ మాట నాకొక్కదానికి చెబితే ఎలా నాయనా? అక్కడ అందరూ ఆయన్ని తొందరపాటు మనిషి అంటున్నారు."

అతను తల ఊపాడు. ఊపుతూనే ఏడ్చాడు.

"రేపు పొద్దున మీటింగులో నా బదులు ఈయన మాట్లాడతారు పిన్నీ," అంది ఆమె. ముందుగా అనుకున్న మాట కాదది, నోట్లోంచి వచ్చేసింది. "లారీ డ్రైవర్ని కూడా నిలబెడతాను. బాబాయ్‌కి వేలు ముందే తీసేసే అలవాటుందని మా అందరికీ తెలుసని, తెలిసీ నవ్వుకున్నామని నేను చెబుతాను. ఇకమీదట ఆపాలంటే 'వద్దు' అనాలి. అది తెగినా 'ఆ' అనిపించదు. గొంతు వినబడకపోతే పెట్టె గాల్లోనే ఉండిపోవాలి."

"మేనేజరు ఒప్పుకుంటాడా?" అంది పిన్ని.

"ఒప్పుకోకపోతే ఈయనకి క్రేను ఉండదు. నా ఉద్యోగమూ ఉండదేమో."

పిన్ని చొక్కా పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది.

"నేనూ వస్తాను. ఎన్నింటికి?"

"ఆరింటికి. మేమొచ్చి తీసుకెళ్తాం."