కల్లంలో తుమ్ము

రాజ్యం నోరు మంచిది కాదని దర్శి చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. అబద్ధమాడే నోరని మాత్రం పగవాడు కూడా అనడు. అందుకే "ప్రేమదాసేనండీ, నా కళ్లతో చూశా" అని ఆవిడ అనగానే, ఎస్సై మరో మాట అడక్కుండా అతన్ని జీపెక్కించాడు.

చూసిన మాట నిజమే. తెల్లవారుజామున మంచులో ఒక మనిషి మిరపకాయల బస్తా మోసుకుంటూ కల్లం దాటి ఆటో వైపు పోయాడు. మొహానికి తువాలు కట్టుకున్నాడు. ఘాటుకి కల్లంలో అందరూ కట్టుకునేదే, అదేం వింత కాదు. ఆ ఆకుపచ్చ అంచు తువాలు మాత్రం పోయిన క్రిస్మస్‌కి తమ పాలేరు ప్రేమదాసుకి ఆవిడ కొనిచ్చింది. బస్తాలు సర్దుతున్నాడులే అనుకుని కాఫీ తీసుకుని ముందుకెళితే, రాశి పక్కన రాత్రి కాపలా పడుకున్న మొగుడు యలమందయ్య తల పగిలి పడున్నాడు. గుంటూరు ఆసుపత్రిలో ఇంకా తెలివి రాలేదు.

"సాయంత్రం తువాలు కల్లం కంచెకే తగిలించి వస్తాడు అమ్మగారూ! ఎవరైనా తీసి కట్టుకోవచ్చు కదండీ!" అని ప్రేమదాసు పెళ్లాం ఎలీసమ్మ కాళ్లావేళ్లా పడింది. రాజ్యం వింటేనా!

ఇవాళ ప్రేమదాసుని కోర్టుకి తీసుకెళతారు. ఇక్కడ ఆసుపత్రిలో ఉన్న తండ్రి బదులు రాజ్యం కొడుకు త్రినాథ్ కల్లంలో దిగి కాళ్లతో కాయలు తిరగేస్తున్నాడు. హాస్టళ్లలో పెరిగిన పిల్లాడు, ఘాటు పడదు. ఆగకుండా తుమ్మాడు.

"చిరంజీవ!" అంది రాజ్యం, వాడి పసితనం నుంచీ ఉన్న అలవాటు కొద్దీ.

అని, కొయ్యబారిపోయింది. ఆ తెల్లవారుజామున తువాలు మనిషి కూడా ఇలాగే తుమ్మాడు. తన నోరు ఇలాగే చిరంజీవ అంది. పాలేరు తుమ్మితే దీవించేంత ప్రేమ తన దగ్గర ఏనాడుంది?

"ఏరా, అది నువ్వేనా?"

త్రినాథ్ కాయల మీదే కూలబడ్డాడు. "నాన్న నిద్ర లేస్తాడనుకోలేదమ్మా. పట్టుకుంటే తోసేశా. బెట్టింగుల వాళ్లు చంపుతామన్నారే! చెప్పకమ్మా, నీకు దండం పెడతా."

ఒక్క మాట మింగితే కొడుకు దక్కుతాడు. ఎలీసమ్మ మొగుడు జైలుకి పోతాడు. రాజ్యం చెప్పులేసుకుని, ఏడుస్తూనే నడిచింది.

స్టేషన్ మెట్ల మీద ఎలీసమ్మ కూర్చునుంది. ఆవిడ మొహం చూడలేక రాజ్యం తల వంచుకుని లోపలికెళ్లింది.

"నేను చెప్పింది తప్పండీ."

"కళ్లతో చూశానన్నారు కదమ్మా?" అన్నాడు ఎస్సై.

"తువాలే చూశానండీ. ఆ మనిషి తుమ్మితే చిరంజీవ అన్నాను. నేనా మాట అనేది ఒక్కడికేనండీ" అని, కొడుకు పేరు చెప్పింది.